పదకొండు సుత్తెలు

ముందు వరసలో కుర్చీ వేసి పెట్టినా ఐలేశం అందులో కూచోలేదు. గొంగడి తడిసింది, గొర్రె వాసన కొడుతుంది, పక్కన తాసీల్దారు గారి భార్య ముక్కు మూసుకుంటుంది అని బడి నడిపే హన్నమ్మ దొరసానికి సాకు చెప్పి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సాకు బాగానే కుదిరింది. అసలు సంగతి, ముందు కూచుంటే పియానో వాయించే సుక్కమ్మకు తండ్రి మొహం కనబడుతుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మొహం చూసి సగం సంగతి పట్టేస్తుంది, తల్లి పోలికే. బయట ముసురు పట్టి నాలుగో రోజు. మూడేళ్ళుగా పాలమూరుకు మొహం చాటేసిన వాన సరిగ్గా ఈ వారమే తీరిక చేసుకుని వచ్చింది. మిషన్ బడి ప్రార్థన హాల్లో పెంకుల కింద ఇరవై మంది మనుషులు, తడిసిన గొడుగులు, సాయంత్రం అయిదింటికే మబ్బు చీకటి, పియానో మీద రెండు లాంతర్లు, దాని పక్కన కుర్చీలో మద్రాసు నుంచి వచ్చిన పెద్ద దొరసాని, ఒళ్ళో కాగితాలు, చేతిలో పెన్సిలు. ఆ పెన్సిలు ఇంకా కదల్లేదు. ఐలేశం పాటను వదిలేసి దాన్నే చూస్తున్నాడు.

నాలుగు పాటలు అని పొద్దున సుక్కమ్మ చెప్పింది. నాలుగూ నూరేళ్ళ కిందటివి, కట్టినవాళ్ళు నలుగురూ ఏనాడో పోయారు. పేర్లు కూడా చెప్పింది గాని ఐలేశం నోట్లో అవి తిరగలేదు, అందుకని మనుషుల్ని వాళ్ళ కష్టాలతో గుర్తు పెట్టుకున్నాడు. మొదటాయన బీదవాడు, ముప్పై ఒకటో ఏటనే పోయాడు. రెండో ఆయన మతి చెడి నదిలో దూకాడు. మూడో ఆయన దగ్గి దగ్గి, రక్తం కక్కి పోయాడు. నాలుగో ఆయన ఒక్కడే ముసలితనం దాకా బతికి రాజుల ముందు వాయించాడు. "ఏం దేశం బిడ్డా అది, మంచి పాట కట్టినోడు సుఖంగ బతకొద్దా?" అని అడిగితే, "నాలుగో ఆయన బతికిండు గద బాపు" అని నవ్వింది. ఆ నవ్వు నవ్వినప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అప్పటికింకా పొద్దుంది, ఒక పూట చాలు, పొయ్యిలో నిప్పులు ఉన్నాయి. చెప్పలేదు. మద్రాసు సంగీత కాలేజీలో పైసా కట్టకుండా నాలుగేళ్ళు చదువుకునే జాగా ఒకే ఒక్కటి ఉంది, ఈ దొరసానికి నచ్చితే అది సుక్కమ్మది, నచ్చకపోతే సుక్కమ్మ ఇంటికి వస్తుంది. ఈ గంటలోనే తేలిపోతుంది. రెండో మాట మనసులో పడ్డప్పుడల్లా ఐలేశానికి ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆ వెచ్చదనానికే సిగ్గు వేస్తుంది.

మొదటి పాట దడదడా నడిచింది. బరువుగా కొట్టే చోట చేతి బలానికి ఏదైనా కదులుతుంది, అంచేత తప్పు బయటపడలేదు. ఆ పెద్ద చెక్కపెట్టెలో ఉన్న మర్మమల్లా ఒకటే. మెట్టు నొక్కితే లోపల ఉన్ని తొడిగిన చిన్న సుత్తె లేచి తీగను కొట్టి వెంటనే వెనక్కి పోవాలి. ఐలేశానికి సంగీతం రాదు గాని తీగ సంగతి తెలుసు. ఉన్ని ఏకే విల్లుకు గొర్రె పేగుతో పేనిన తంతి కట్టుకుని ముప్పై అయిదేళ్ళు దాని పక్కన కూచున్న చెవులు అవి. తంతి ఖంగుమంటే ఉన్ని ఆరింది, బుస్సుమంటే తడి ఉంది, ఇంకో పూట ఎండలో పెట్టాలి. కళ్ళు మూసుకుని చెప్పగలడు. సోమమ్మ బతికున్నప్పుడు, నీకు పెళ్ళాం మాట వినబడదు గాని పేగు మాట వినబడుతుందని దెప్పేది. ఇప్పుడు హాల్లో అందరూ పాట వింటున్నారు, ఐలేశం ఒక్కడు తడి వింటున్నాడు. చప్పుడు కింద చప్పుడుగా, బుస్సు బుస్సుమని, మధ్య మెట్ల దగ్గర. మద్రాసు దొరసాని తల ఊపుతోంది. ఊపనీ, ఇది మొదటిదే కదా.

ఎండాకాలంలో ఎంత గొప్పగా ఉండింది. చిమటలు కొట్టి మధ్యలో పదకొండు సుత్తెల ఉన్ని రాలిపోయిందని, బాగుచేసేవాడు హైదరాబాదు నుంచి రెండేళ్ళకోసారి గాని రాడని హన్నమ్మ దొరసాని తల పట్టుకుంటే, మా బాపుకు ఉన్ని పని రాదా అన్నది సుక్కమ్మే. కొత్తకోటలో కబురు అందిన రోజే ఐలేశం తొలి కత్తిరింపు గొర్రెపిల్లల ఉన్ని ఏరాడు, తడిపాడు, చాపలో చుట్టి రెండు రోజులు కాళ్ళతో తొక్కి దట్టంగా చేశాడు. అంతటితో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ కురుమ ఇంట్లో పుట్టినవాడు గంజి పెట్టని ఉన్నిని పని అంటాడా? చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి ఆ గంజి పట్టిస్తేనే గొంగడికి నిలుపు, లేకపోతే అది ఉత్త బొచ్చు, తాత చెప్పింది అదే, తండ్రి చెప్పింది అదే. కూతురు వాయించే పెట్టె కదా అని ఐలేశం ఒకటికి మూడు తడవలు పట్టించి సుత్తెలకు తొడిగాడు. గంజి పెట్టమని ఎవరూ అనలేదు, వద్దని ఎవరూ అనలేదు. దొరసానికి ఉన్ని తెలియదు, ఈయనకు పియానో తెలియదు. చైత్రం ఎండల్లో ఆ పదకొండూ ఖణేల్ ఖణేల్మన్నాయి. "సీమ నుంచి తెప్పిచ్చినా గింత మంచిగ రాదు ఐలేశం" అన్నది హన్నమ్మ దొరసాని, ముప్పై ఏళ్ళుగా ఇక్కడి నీళ్ళు తాగి ఇక్కడి మాటే మాట్లాడుతుంది. ఆ మాట కొత్తకోట సంతలో పదిమందికి, బస్సులో పదిమందికి, ఆఖరికి గొర్రెలకు కూడా చెప్పుకున్నాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టని ఊరంతా సామెతల్లో ఎగతాళి చేసే ఉన్ని, దొరసానుల పాటకు గొంతు అయిందని ఎంత మురిసిపోయాడో.

చప్పట్లు. అయిపోయిందా? కాదు, రెండోది. మతి చెడినాయన పాట. పిల్లను జోకొట్టే తీరుగా ఉంటుందని, దీంట్లో జోరు ఉండదని, ఊపిరి తీసినంత మెల్లగా కొట్టాలని సుక్కమ్మ చెప్పింది. అక్కడే తప్పు దొరికిపోయింది. రెండు వరసలు సాఫీగా పోయి, మధ్యకు రాగానే ఒక మెట్టు పలకలేదు. వేలు పడింది, లేచింది, చప్పుడు లేదు. ఆ పక్కది పలికింది, దాని పక్కది సగమే పలికింది. పాట తెలియని వాళ్ళకు అది కూడా పాటే, తాసీల్దారు భార్య కళ్ళు మూసుకుని వింటోంది. పెన్సిలు కదిలింది. ఐలేశం చూపు తిప్పుకున్నాడు. జోల. సుక్కమ్మను తను ఎన్నడైనా జోకొట్టాడా, గుర్తు రావడం లేదు, సోమమ్మ ఒడిలో వేసుకుని ఊపుతూ ఉంటే వాకిట్లో విల్లు చప్పుడు ఆపమని చేత్తో సైగ చేసేది, ఆపేవాడు, పిల్ల పడుకోగానే మళ్ళీ మొదలు. పిల్ల జోలకు తను చేసిన సాయం అంతే, చప్పుడు ఆపడం. ఇక్కడి దవాఖానలోనే సోమమ్మ పోయింది, అప్పటికి పిల్లకు ఆరేళ్ళు. గొర్రెల్ని తోలుకుని అచ్చంపేట దాటి నల్లమల అంచుకు మేతకు పోవాల్సిన కాలం. ఆడపిల్లను అడవిలో ఎక్కడ పడుకోబెడతాడు? "రెండు నెల్లు ఉంచుకోండ్రి దొరసానమ్మా, వానలు పడంగనే వచ్చి తోల్కపోత" అని అడిగింది తనే. ఆ ఏడు వానలు పడలేదు. మరుసటేడు పడ్డాయి, వచ్చాడు, పిల్ల ఈ పెట్టె ముందు కాళ్ళు నేలకు అందని బల్ల మీద కూచుని ఉంది, పిలిస్తే తల తిప్పలేదు. పాట అయిపోయాక తిప్పింది. రెండు నెలలు పన్నెండేళ్ళయ్యాయి. పిల్ల ఒక్కో మెట్టే ఎక్కి ఎక్కడెక్కడికో పోతూ ఉంటే తను మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే, కొత్తకోట పక్కన అదే ఊరు, అదే గుంట మగ్గం, ఒక్కడికి వండుకునే అదే కుండ.

"ఉన్న ఒక్క పిల్లను ఊరికి గాకుంట జేస్తివి అన్నా, నా సైదులు ఇంకెన్నేండ్లు ఎదురుసూడాలె?" చెల్లెలు బీరమ్మ ఈ మాట అనని పండుగ లేదు. సైదులు మంచివాడే. ఎనభై గొర్రెలు, స్వయానా మేనల్లుడు, తాగుడు లేదు. సుక్కమ్మ కాదనలేదు, అవుననలేదు, మద్రాసు సంగతి తేలనియ్యి బాపు అన్నది. తేలనియ్యి. నిన్న బస్సు దిగి వచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు. పాటకు ముందు రోజు నుంచే మెట్లు ముట్టకూడదు, చేతులకు విశ్రాంతి అని హన్నమ్మ దొరసాని కట్టడి, సుక్కమ్మ హాస్టల్లో ఉంది. తన పనితనం ఒకసారి తనే చూసుకుని మురుద్దామని ఐలేశం ఒక మెట్టు నొక్కాడు. బుస్సుమంది. మూత ఎత్తితే పులిసిన చింతగింజల వాసన. పదకొండూ ఉబ్బి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, వేలు పెడితే జిగురు. మూడు రోజుల ముసురు గంజిని మళ్ళీ గంజి చేసింది. భయపడాల్సిందేమీ లేదని ఆ క్షణమే తెలుసు. వానాకాలం నేసిన ప్రతి గొంగడికీ ఈ తిప్పలు ఉన్నవే. కుంపటిలో నిప్పులు పోసి, సెగ మాత్రమే తగిలేట్టు ఒక పూట పెడితే ఆరిపోతుంది. హాలు వెనకే హాస్టలు వంటిల్లు. నడిచి వెళ్ళాడు, ఆ మాట నిజం, కాళ్ళు కుంపటి కోసమే వెళ్ళాయి. పొయ్యి నిండా నిప్పులు కణకణమంటున్నాయి. వంట చేసే బక్కమ్మ తలెత్తి, "ఏం గావాలె అన్నా?" అన్నది.

"మంచినీళ్ళు" అన్నాడు ఐలేశం.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నోట్లోంచి వచ్చిందని మాత్రం తెలుసు. దాహం లేదు. చెంబెడు నీళ్ళు తాగాడు, ఇంకో చెంబు పోస్తే అదీ తాగాడు, మూతి తుడుచుకుని బయటికి వచ్చి వరండాలో నిలబడి, పొద్దుటికి వాన ఆగుతుందిలే, దానంతటది ఆరుతుందిలే అనుకున్నాడు. ఎవరికి చెబుతున్నట్టు? వాన చినుకు చూసి ముసురు ఎన్నాళ్ళుంటుందో చెప్పగలిగిన మనిషి. నేనేం చేశాను, నేనేం చెడగొట్టలేదు కదా అని రాత్రంతా తనతో తనే వాదులాడాడు. చెడగొట్టలేదు, నిజమే. చెడింది చూసి నీళ్ళు తాగాడు, అంతే.

మూడో పాట ఎప్పుడు మొదలైందో తెలియలేదు. దగ్గి పోయినాయన పాట. ఇందులో ఒక మెట్టు ఉంది, మొదటి నుంచి చివరి దాకా అదొక్కటే పడుతూ ఉంటుంది, తక్కిన పాటంతా దాని చుట్టూ తిరుగుతుంది. అది తన పదకొండింటిలోదే. పలికింది, పలికింది, పలకలేదు, పలికింది. సోమమ్మ ఊపిరి చివరి రోజుల్లో ఇట్లాగే ఉండేది, ఒకటి వచ్చి ఒకటి రాక, వచ్చేదాకా మంచం పక్కన తను ఊపిరి బిగబట్టుకుని. ఇప్పుడూ బిగబట్టాడు. సుక్కమ్మ భుజం గట్టిపడింది, ఆ వేలితో జోరుగా కొట్టింది, మెల్లగా ఉండాల్సిన చోట ఆ చప్పుడు హాలంతా మోగింది. పెన్సిలు. మళ్ళీ మెల్లగా కొట్టింది, పలకలేదు. మళ్ళీ పెన్సిలు. సోమమ్మ చివరికి అన్నది ఒకే మాట, పిల్లను మంచిగా చూసుకో అనలేదు, అందరు తల్లులూ అనేది అది. "దాన్ని గొర్ల ఎంబడి తిప్పకు" అన్నది. అంత దగ్గులోనూ ఎంత స్పష్టంగా అన్నదో. తిప్పను అన్నాడు. పదకొండేళ్ళు పదకొండు నెలలు మాట మీద నిలబడ్డాడు, నిన్న ఒక్క పూట నిలబడలేకపోయాడు. పాట ఆగమను, ఇప్పుడే పోయి హన్నమ్మ దొరసాని చెవిలో చెప్పు, నాలుగడుగులే కదా అని తనకు తనే చెప్పుకున్నాడు. గోడ వీపును వదలడం లేదు. అంతలో సుక్కమ్మ తల ఎత్తి జనంలోకి చూసింది, ముందు వరసలో ఖాళీ కుర్చీ, దాని మీదుగా వెనక్కి, గోడ దాకా. కళ్ళు కలిశాయి. ఐలేశం నేల చూశాడు. మళ్ళీ తలెత్తేసరికి ఆమె మెట్ల మీదికి వంగి ఉంది, ఇంకా ఆ మెట్టునే బతిమాలుతున్నట్టుగా.

నాలుగోది రాజుల ముందు వాయించినాయనది. వంక పెట్టలేని జోరు, వేళ్ళు కనబడవు, లాంతర్లు అదురుతున్నాయి, తన బిడ్డ చేతుల్లో ఇంత బలం ఎప్పుడు వచ్చిందని ఐలేశానికి కడుపు నిండింది. కోపంగా కొడుతోంది. ఎవరి మీద? వాన మీద అనుకుంటే ఎంత బాగుండు. అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు, తాసీల్దారు భార్య కళ్ళు తుడుచుకుంది కూడా, మన ప్రాంతపు పిల్ల, అందులోనూ గొర్రెలవాళ్ళ పిల్ల అని పక్కవాళ్ళతో అంటూ గొడుగు వెతుక్కుంది. దొరసానులు ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. హన్నమ్మ దొరసాని ఒకసారి పియానోను చూపించింది, ఒకసారి కిటికీ బయట వానను చూపించింది, ఆ తర్వాత చూపించడం మానేసింది. ముసలి మనిషి, ఇక్కడే చావాలని ఉన్న మనిషి, ఆమె మొహం అట్లా వాలిపోవడం ఐలేశం ఎన్నడూ చూడలేదు.

"ఐలేశం," అన్నది దగ్గరికి వచ్చి, "పిల్ల చేతులు మంచిగున్నయంటాంది. గని మెల్లగ వాయించే కాడ మెట్లు పలుకుతలెవ్వు. వానకు పియానో తడిసిందని చెప్పిన. తడిసిన దాన్ని గూడ పలికిచ్చెటోళ్ళకే జాగ ఇస్తా అంటాంది. కర్నూల్ల ఇంకో పిల్ల ఉన్నదంట. ఈమె రేపు పగటాల బండికి ఆడికి పోతది." ఆ వెంటనే తాసీల్దారు భార్యను సాగనంపడానికి వరండాలోకి వెళ్ళిపోయింది.

కావలసిందే జరిగింది. బీరమ్మకు కబురు పెట్టవచ్చు. ఈ మాట మనసులో అనుకుని చూశాడు, ఎక్కడా సంతోషం తగల్లేదు. సుక్కమ్మ పియానో పక్కన నిలబడి చేతులు రెండూ కొంగులో దాచుకుంది, ఆ చేతులదే తప్పయినట్టు. అది చూడలేకపోయాడు. గోడ వదిలి, ఖాళీ కుర్చీల మధ్య నుంచి నడిచి, మద్రాసు దొరసాని ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా బిడ్డ తప్పు లేదు. తప్పు నాది. సుత్తెల ఉన్నికి గంజి పెట్టిన, వానకు ఉబ్బింది. నిన్ననే జూసిన. కుంపటి పెడితే ఆరుతుండె. పెట్టలే. పిల్ల పోతదని పెట్టలే. ఇయ్యాల నిప్పులు పెడ్త, పొద్దుగాల మళ్ళొక్కపారి ఇనుండ్రి, మీ కాల్మొక్త."

ఇన్ని మాటలు వరసగా ఆయన సోమమ్మతో కూడా మాట్లాడి ఉండడు. మద్రాసు దొరసానికి తెలుగు ఒక్క ముక్క రాదు. నవ్వు మొహంతో సుక్కమ్మ వైపు తిరిగి, ఏమంటున్నాడని కాబోలు, అడిగింది. సుక్కమ్మ తండ్రిని చూసింది. కోపం వస్తుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఏదీ లేదు. సంతలో ఎవరో ముక్కు మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసింది, చాలాసేపు చూసి, ఆ మనిషి తన తండ్రేనని ఒప్పుకున్నట్టు కళ్ళు దించింది. చెప్పు బిడ్డా, ఉన్నదున్నట్టు చెప్పు, రేపు పొద్దున మళ్ళీ వాయించు, పో, మద్రాసు పో, అని లోపల లోపలే మొత్తుకున్నాడు. ఆ మాట ఇంగ్లీషులోకి పోతే దాని వెంట తండ్రి చేసిన పనీ పోతుంది, ఈ దొరసానికి తెలుస్తుంది, ఆ దొరసానికి తెలుస్తుంది, పన్నెండేళ్ళు అన్నం పెట్టిన హాస్టలంతటికీ తెలుస్తుంది. తెలియనీ. తను అందుకే కదా వచ్చి నిలబడ్డాడు. సుక్కమ్మ దొరసాని వైపు తిరిగి చిన్న మాట ఏదో అన్నది. ఈయన చెప్పింది అంత, ఆమె చెప్పింది ఇంత. ఐలేశానికి ఇంగ్లీషు రాదు గాని బస్సు కండక్టర్లు కూడా అనే ఆ ఒక్క ముక్క తెలుసు. థాంక్స్ అన్నది. మా బాపు మీకు థాంక్స్ చెబుతున్నాడని చెప్పింది.

మద్రాసు దొరసాని మొహం విప్పారింది. కూతురికి జాగా దొరక్కపోయినా ఈ పల్లెటూరి మనిషికి ఎంత మర్యాద అనుకుందో ఏమో, లేచి నిలబడి చేయి చాచింది. ఐలేశం కదల్లేదు. ఆ తెల్లటి చేయి అట్లాగే ఇద్దరి మధ్యా ఆగి ఉంది. సుక్కమ్మ పక్కకు వచ్చి, పెదవులు కదిలీ కదలకుండా అన్నది.

"పట్టుకో బాపు. నవ్వు. ఆమె సూస్తాంది."

ఐలేశం ఆ చేయి పట్టుకుని నవ్వాడు.